డయల్ కింది గంధం

కాప్రా చెరువు గట్టు మీద పొద్దున్నే మెడలో కెమెరాలు వేలాడేసుకుని తిరిగే మా పదిహేను మంది గుంపుకు నేను మూడేళ్ళపాటు గురువుని. నన్నెవరూ ఎన్నుకోలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఒకరోజు పక్కాయన కెమెరా ఆటోలో ఉండటం చూసి, "ఏంటండీ, ఇంత పెట్టి కొని ఇంకా చంటిపిల్లాడి నడకబండిలా తోస్తున్నారా?" అన్నాను. ఆయన సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు నాకు భలే రుచించింది. ఆ రోజు నుంచే నా పెత్తనం మొదలైంది.

ఇప్పుడు తలుచుకుంటే ఆ గుంపే ఒక తమాషా. ఉద్యోగాలు ముగిసినవాళ్ళం, ముగియబోతున్నవాళ్ళం. డాక్టరు నడవమంటే ఊరికే నడవడం నామోషీ అనిపించి కెమెరాలు కొన్నవాళ్ళం. చెరువులో ఉన్నవి అవే ఇరవై కొంగలు, అవే నీటికాకులు, కరెంటు తీగ మీద అదే లకుముకి పిట్ట. ఆ పిట్టకు మేము తీసినన్ని ఫొటోలు ఏ సినిమా హీరోకూ తీసి ఉండరు. అన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టుకుని ఒకరికొకరు బొటనవేళ్ళు చూపించుకునేవాళ్ళం. నా ఫొటోల కింద మాత్రం ఒక వరుస తప్పకుండా ఉండేది. షట్టర్ ఇంత, అపెర్చర్ ఇంత, ఐఎస్ఓ ఇంత, చివర "ఫుల్ మాన్యువల్". నిజం చెప్పాలంటే పిట్ట కోసం కాదు, ఆ వరుస కోసమే నేను ఫొటో పెట్టేవాణ్ణి.

మాన్యువల్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలి, లెన్సు లోపలి కన్నం ఎంత విప్పారాలి, లోపలికొచ్చిన వెలుగును సెన్సరు ఎంత పెంచి చూపాలి. ఈ మూడే. ఆటోలో వీటిని కెమెరా చూసుకుంటుంది, మాన్యువల్‌లో మనం డయళ్ళు తిప్పి చూసుకోవాలి. కుక్కరుకు ఎన్ని విజిళ్ళు రానివ్వాలో తెలిసిన ఎవరికైనా పది రోజుల్లో పట్టుబడుతుంది. నేను దాన్ని మంత్రోపదేశంలా చెప్పాను. గుంపులో రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉండేవారు. ఆవిడ ఎప్పుడూ ఆటోలోనే తీసేవారు. ఆవిడ ఫొటోల్లో కొంగ కంటి మెరుపు కూడా కనిపించేది.

"మీకు లక్కు బాగుందండీ" అనేవాణ్ణి.

"అవునండీ. మూడేళ్ళుగా రోజూ తగులుతోంది" అనేవారు ఆవిడ.

నాది మిర్రర్‌లెస్ అనే, లోపల అద్దం లేని చిన్నరకం కెమెరా, అరచేతిలో ఇమిడిపోతుంది. పైన రెండు డయళ్ళు పక్కపక్కనే ఉంటాయి. మొన్నటి దసరాకు ముందురోజు, ఆయుధపూజ నాడు, దాన్ని కూడా పీట మీద పెట్టాను. యాప్రాల్‌లో మా ఫ్లాటులో ఆ రోజు కారుకు, స్కూటరుకు, మిక్సీకి, కత్తిపీటకు అన్నిటికీ బొట్లు పెడతాం. మా ఆవిడ కెమెరాను చూసి, "దానికి ఒక పువ్వు పెట్టి ఊరుకోండి. సందులున్న వస్తువు" అంది.

కెమెరా సందుల గురించి నాకు చెబుతుందా అనుకున్నాను. సాన మీద గంధం నేనే అరగదీశాను. పన్నీరు కాస్త ఎక్కువే పోశాను. స్కూటరు చక్రాలకు పెట్టినట్టే రెండు డయళ్ళకూ చెరొక చుక్క, షట్టర్ బటన్ పక్కన ఒక చుక్క పెట్టి, పైన కుంకుమ అద్దాను. గంధం పల్చబడి డయల్ అంచు వెంట కిందికి దిగడం నా కళ్ళతో చూశాను. వేలితో తుడిచి మళ్ళీ పెట్టాను. తర్వాత ఫోనుతో ఫొటో తీసి "నా ఆయుధం" అని గ్రూపులో వేశాను. అందరూ దణ్ణాలు పెట్టారు.

పది రోజులు గడిచాయి. ఒక పొద్దున ఆ లకుముకి తీగ దిగి, గట్టు పక్క కంప మీద, నాకు పదడుగుల దూరంలో వాలింది. మూడేళ్ళలో అంత దగ్గరికి రావడం అదే మొదలు. షట్టర్ వేగాన్ని ఐదువందల నుంచి వెయ్యికి పెంచుదామని డయల్ తిప్పాను. అది వెయ్యికి పోకుండా రెండువందలకు పడి, అక్కణ్ణుంచి నాలుగువేలకు ఎగిరింది. మొదటి ఫొటో సున్నం కొట్టిన గోడ. రెండోది బొగ్గుల బస్తా. మూడోదానికి పిట్టే లేదు.

"ఏమైంది గురువుగారూ?" అన్నారెవరో.

"వెలుతురు మారుతోంది" అన్నాను. ఆకాశంలో మబ్బుతునక లేదు.

ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద వైద్యం మొదలుపెట్టాను. ఐఎస్ఓ ఆటోలో ఉండిపోయిందేమో చూశాను. అది ఆటోలో ఉంటే మనం షట్టర్ ఎటు తిప్పినా కెమెరా తనంతట తను సర్దేసి మన శ్రమను వెక్కిరిస్తుంది. లేదు, అది సరిగానే ఉంది. డయల్‌కు తాళం వేసే మీట పడిందేమో చూశాను. లెన్సు మార్చాను. బ్యాటరీ తీసి అరగంట ఆగి పెట్టాను. సెట్టింగులన్నీ చెరిపి కొన్ననాటి స్థితికి తెచ్చాను. కంపెనీవాళ్ళ పుస్తకంలో నూటయాభై పేజీలు చదివాను. ఒక్కటే మిగిలింది, డయల్‌ను దగ్గరగా పెట్టుకుని చూడటం. దాని అంచు వెంట సన్నగా పసుపుపచ్చని గీత ఉంది. చూశాను. చూసి పేజీ తిప్పాను.

చిలకలగూడలో ఒక సందులో, టైలరు దుకాణం పైగదిలో, కెమెరాలు బాగుచేసే ఆయన ఉన్నాడు. యాభై దాటిన ముస్లిం, మాకందరికీ భాయ్. వాళ్ళ నాన్న రీలు కెమెరాలు బాగుచేసిన గది అది. ఏటా వానలు వెళ్ళాక మా గుంపు లెన్సులన్నీ ఒక్కసారే ఆయన దగ్గరికి వెళ్ళేవి. వానాకాలం తేమకు లెన్సు లోపల బూజు పడుతుంది, దాన్ని తీయాలి. ఆయన చలికాలం మొత్తం ఆ పని మీదే గడిచేది. చేతిపనిలో ఆయనంతటివాళ్ళు నగరంలో ఇంకా ఉండే ఉంటారు. మేము ఆయన దగ్గరికే వెళ్ళడానికి కారణం వేరు. లోపల ఏం దొరికితే అది ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఆ మెట్లకు బోర్డు లేదు. ఆ పేరే బోర్డు.

"ఏం తక్లీఫ్ సార్?" అన్నాడు.

"డయల్ మాట వినట్లేదు."

"నీళ్ళు గిట్ల పడ్డయా? ఏమన్న పూసిన్రా?"

"భాయ్, నేను పదిమందికి కెమెరా పట్టుకోవడం నేర్పేవాణ్ణి."

"నేర్పుతరు సార్, ఎవరు కాదన్నరు? నేను అందర్నీ అడుగుత" అని కెమెరా తీసుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత వెళ్ళాను. అప్పటికే బల్ల దగ్గర కాలేజీ పిల్ల ఒకతె తన కెమెరా కోసం నిలబడి ఉంది. ఆయన నా కెమెరా చేతికిచ్చాడు. డయల్ తిప్పాను. టిక్కు టిక్కుమంటూ ఒక్కో మెట్టూ ఎక్కింది, ఒక్కో మెట్టూ దిగింది. కొన్ననాడు కూడా అంత హాయిగా తిరగలేదు. బాగుందని అనబోతుండగా ఆయన సొరుగులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు.

"ఏమనుకోకుండ్రి సార్. డయల్ కింద ఇది దొరికింది. గంధం. కుంకుమ సుత ఉంది. ఎండి సిమెంటు లెక్క కూసుంది. గందుకే మీరు ఒక దిక్కు తిప్పితే అది ఇంకో దిక్కు వోయింది. పూజదని పారెయ్యలే. మీరే తీస్కపోండ్రి."

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. "కెమెరాకు ఫేస్‌ప్యాకా అంకుల్!"

అంతే. ఒక ఇరవై ఏళ్ళ పిల్ల నవ్వు. దానికి నేను ఏం చేశానో ఇప్పుడు రాయడానికి చేయి రావట్లేదు, అయినా రాస్తాను.

"నా కెమెరాలోకి గంధం ఎలా వస్తుంది? ఇక్కడే దేన్నుంచో పడి ఉంటుంది" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. "మా దుకాణంల గంధం ఏడికెంచి వస్తది సార్?"

"అది మీరే చెప్పాలి."

ఆయన ఆ పొట్లాన్ని నా అరచేతిలో పెట్టి, ఆ పిల్ల వైపు తిరిగాడు. నేను దాన్ని చలికోటు జేబులో కుక్కుకుని మెట్లు దిగాను.

మర్నాడు గట్టు మీద మా గుంపులోని కాంట్రాక్టరు అడిగాడు. ఆయన జీవితంలో సగం ఇళ్ళు కట్టించి, మిగతా సగం గొంతు పెంచి మాట్లాడటానికి కేటాయించినవాడు. "ఏందన్నా, కెమెరాకు ఏమైందంట?"

పూజ ఫొటో అందరికీ చూపించినవాణ్ణి. లెన్సు మీద ఊదితే తుంపరలు పడతాయని టీచరమ్మకు పాఠం చెప్పినవాణ్ణి. గంధం పోసి డయల్ బిగదీశానని ఏ నోటితో చెప్పను? "లోపలి రిబ్బన్ వైరు లూజంట. అది బిగించడానికి పైన పెట్టిన పూజ బొట్లన్నీ గీకి పారేశాడు" అన్నాను.

"పూజ బొట్లు గీకిండా? అడగాల్నా వద్దా అన్నా? ఊకె గీకుతరా?" కాంట్రాక్టరు గొంతు చెరువు అవతలి ఒడ్డుకు వినపడింది. "ఆళ్ళకేం తెలుస్తది మన పూజ!"

ఆ మాట ఎటు పోతోందో నాకు తెలుసు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి, తెలియకపోవడమేంటి? అక్కడికక్కడే ఆపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను లెన్సు మూతను చొక్కా అంచుతో తుడుస్తూ నిలబడ్డాను. దాని మీద మరక కూడా లేదు.

సాయంత్రానికి గ్రూపులో కాంట్రాక్టరు సందేశం వచ్చింది. ఈసారి లెన్సులు ఇంకో దిక్కు ఇద్దాం, కొత్త షాపు చూసిన, అని. వరసగా బొటనవేళ్ళు. నేను కూడా పెట్టాను. నా వేలు ఇప్పటికీ ఆ సందేశం కింద ఉంది.

మూడు వారాలకు మా ఆవిడ చలికోటు ఉతకబోతూ జేబులో పొట్లం చూసింది. విప్పి వాసన చూసి, "ఇది మన గంధమేగా. మా అమ్మ ఇచ్చిన చెక్కది. ఎక్కడిదీ?" అంది.

కెమెరాలోంచి వచ్చిందని చెప్పాను.

"బాగుచేసే ఆయన దాన్ని మడిచి ఇచ్చాడా?" ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. "మన ఇంట్లో అయితే మీరు ఉఫ్ అని ఊదేసేవాళ్ళు." బాల్కనీలోకి వెళ్ళి మందార కుండీలో ఆ పొడి వేసి వచ్చింది. "మరి మీరేమన్నారు ఆయన్ని?"

నేను టీవీ సౌండు పెంచాను. రెండు రోజుల తర్వాత అన్నం వడ్డిస్తూ మళ్ళీ అడిగింది. అప్పుడు చెప్పాను. ఆవిడ పులుసు గిన్నె నా వైపు జరిపి లోపలికి వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె నాతో అంత తక్కువ మాట్లాడిన భోజనం లేదు.

ఆ రాత్రి గడవనిచ్చి పొద్దున్నే గ్రూపులో రాశాను. పదకొండు వరుసలు. గంధం నేనే పోశానని, ఆయన బొట్లు గీకలేదని, అబద్ధం ఆడానని. రాసినదాన్ని ఆరుసార్లు దిద్దాను. ఎక్కడ మెరుపు ఎక్కువైంది, ఎక్కడ చీకటి ఎక్కువైంది అని ఫొటోను చూసుకున్నట్టే నా పశ్చాత్తాపాన్నీ చూసుకున్నాను. జవాబులు ఎలా వచ్చాయనుకున్నారు? "గొప్ప మనసు." "హ్యాట్సాఫ్ గురువుగారూ." "తప్పు ఒప్పుకోవడానికి గుండె కావాలి." కాంట్రాక్టరు మాత్రం గొంతుతోనే పంపాడు. "అయితే అయింది తియ్యన్నా. లెన్సులు ఇచ్చేసినం గదా. ఏదేమైనా నువ్వు మంచోనివి." ఒక మనిషి పేరు పాడుచేసి, దానికి నేనే ఒక పతకం సంపాదించుకున్నాను. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ఆ పూటంతా నాకు హాయిగా అనిపించింది.

మర్నాడు గట్టు మీద టీచరమ్మ నా పక్కన నడుస్తూ, "మీ ఉత్తరం చదివానండీ. బాగా రాశారు. ఆయన చదివాడా?" అన్నారు.

"ఆయన మన గ్రూపులో లేడు కదండీ."

"లేడని నాకూ తెలుసు" అని, కెమెరా ఎత్తి కొంగను తీసుకున్నారు. ఆటోలోనే.

ఆ మధ్యాహ్నమే చిలకలగూడ వెళ్ళాను. ఆయన ఒక పాత లెన్సును విప్పి పెట్టుకుని ఉన్నాడు. వేరే ఏళ్ళయితే ఆ సమయానికి గోడవారన మా గుంపు సంచులు వరసగా ఉండేవి. ఇప్పుడక్కడ మడిచిన కుర్చీ ఒకటి ఆనించి ఉంది.

"రాండ్రి సార్. మళ్ళ తక్లీఫ్ ఇస్తుందా?"

"కెమెరా బాగానే ఉంది భాయ్. నేనే..." అని ఆగాను. ఎదురుగా మనిషి ఉంటే దిద్దుకోవడానికి వీలుండదు.

ఆయన చేతిలో పని ఆపలేదు. "తెలుసు సార్. మీ కాంట్రాక్టర్ సాబ్ ఫ్లాష్ వాపస్ తీస్కపోను వచ్చిండు గద. బొట్లు ఎందుకు గీకినవని గల్లీ అంత ఇనేటట్టు అడిగిండు. కింద టైలర్ మిషిన్ ఆపి మరీ ఇన్నడు."

"మీరు గీకలేదు. నేనే పెట్టాను, నేనే తుడిచాను, లోపలికి దిగడం కూడా చూశాను. ఆ పిల్ల నవ్విందని అబద్ధం ఆడాను. గ్రూపులో అందరికీ రాశాను." ఫోను చూపించాను.

ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని మొత్తం చదివాడు. "మంచిగ రాసిన్రు. మరి లెన్సులు వస్తయా?"

"ఈ ఏడు... ఇచ్చేశారు."

"ఆఁ" అన్నాడు.

"కోపంగా ఉందా భాయ్?"

"కోపంతోని ఏం జేస్త సార్, పని గావాలె. గని ఒకటైంది." చేతిలోని సన్న పట్టకారును బల్ల మీద పెట్టాడు. "ఇరవై ఏండ్లసంది ఏం దొరికితే గదే చెప్పిన. చీమలుంటె చీమలన్న. బీరు పోసుకుంటె బీరన్న, ఆయన బీవీ ముంగటనే. దసరా తర్వాత గంధంతోని ఇంక నాలుగు కెమెరాలొచ్చినయ్. నాలుగిట్లకూ దుమ్మని చెప్పిన. ఎవలు కొట్లాడాలె సార్?"

నేను వచ్చింది క్షమించమని అడగడానికి. ఆ మాట విన్నాక ఫోను తీసి జేబులో వేసుకున్నాను. ఆయన లెన్సులు పోయినందుకు బాధపడుతూ వెళ్ళాను. వచ్చే ఏడాది ఎలాగో బతిమాలి మళ్ళీ తెప్పించవచ్చు అనుకున్నాను. పోయినవి లెన్సులు కావు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషికి నేను అది నేర్పాను. నేను గురువుగా ఎవరికైనా నిజంగా ఏదైనా నేర్పి ఉంటే, అదొక్కటే.

అంతలో హెల్మెట్ పెట్టుకున్న ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. బల్ల మీద ఉన్న తన కెమెరా తీసుకుని డయల్ అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "మంచిగైంది. ఏముండె లోపల?"

"ఏం లేదు సార్, దుమ్ము. సాఫ్ చేసిన."

"దుమ్మెట్ల వస్తది? నేను కవర్ల చుట్టి బీరువల పెడ్త."

భాయ్ గుడ్డ మడవసాగాడు. నేను ఉండబట్టలేకపోయాను. "దుమ్ము కాదండీ, గంధం. దసరాకు బొట్టు పెట్టారు కదా?"

"నువ్వెవలు?"

"నేనూ పెట్టాను. నాదీ ఇలాగే..."

"అంటే పూజ చేసుడు తప్పంటున్నవా? ఈయనేమో దుమ్మంటడు, నువ్వేమో గంధమంటవ్. ఇద్దరు గల్సి తమాష చేస్తున్నరా?" కెమెరా సంచిలో వేసుకున్నాడు. "ఇంకోపారి ఈ మెట్లెక్కితే అడుగుండ్రి." బూట్ల చప్పుడు కిందికి పోయింది.

భాయ్ నా వైపు చూశాడు. నవ్వలేదు కానీ, పెదవి చివర ఏదో కదిలింది. "సూసిన్రా సార్. నిజం చెప్పుడు మీరు ఇప్పుడు నేర్సుకున్నరు. గిరాకీ నాది వోయింది."

నేను గబగబా మెట్లు దిగాను. ఈ వయసులో, ఈ పొట్టతో, "సార్, సార్" అంటూ ఆ సందులో పరుగెత్తాను. టైలరు మిషను మళ్ళీ ఆగింది. మలుపు దగ్గర హెల్మెట్ ఆయన బండి స్టార్ట్ చేస్తున్నాడు. హ్యాండిల్ పట్టుకున్నాను.

"పూజ తప్పని కాదండీ. నేను గంధం ఎక్కువ పోసి డయల్ బిగదీసుకున్నాను. ఆయన ఉన్నదున్నట్టు చెబితే, నేను కాదన్నాను. బయటికెళ్ళి పదిహేను మందికి ఆయన మీద అబద్ధం చెప్పాను. అందుకే ఆయన భయపడి మీకు దుమ్మని చెప్పాడు. ఆ అబద్ధం ఆయనది కాదు, నాది."

ఆయన హెల్మెట్ అద్దం పైకెత్తి నన్ను ఎగాదిగా చూశాడు. పిచ్చివాడో కాదో తేల్చుకుంటున్నట్టున్నాడు. బండి ఇంజను తిరుగుతూనే ఉంది.

"పెట్టింది పైన చుక్కనే గద" అన్నాడు చివరికి. "అది డయల్ కిందికెంచి లోపలికి ఎట్ల వోతది?"

నా నోరు అలవాటుగా తెరుచుకుంది. షట్టర్ డయల్ నిర్మాణం గురించి మొదటి వాక్యం నాలుక మీదికి వచ్చేసింది. అది మింగాను.

"నాకు తెలీదండీ" అన్నాను. "పైన ఉన్నాయనకు తెలుసు."

ఆయన హెల్మెట్ తీయలేదు. కానీ ఇంజను ఆపి, బండికి స్టాండు వేశాడు.